డబుల్ క్లిక్‌కి పనిచేసే స్క్రిప్టు షెడ్యూలర్‌లో ఎందుకు ఆగిపోతోంది?

ప్రశ్న: మాది విజయవాడలో మందుల హోల్‌సేల్ షాపు. రోజూ రాత్రి స్టాకు ఫైలును విన్‌ఎస్‌సీపీ (ఫైళ్లు పంపే సాఫ్ట్‌వేర్)తో కంపెనీ సర్వర్‌కి పంపాలి. తెలిసినవాళ్లు స్క్రిప్టు రాసిచ్చారు. డబుల్ క్లిక్ చేస్తే ఫైలు వెళ్తోంది, పెట్టిన టైముకి పని నడిపే విండోస్ టాస్క్ షెడ్యూలర్‌లో పెడితే వెళ్లట్లేదు. దీనికన్నా మామూలు ఎఫ్‌టీపీ (ఫైళ్లు పంపే పాత పద్ధతి) సులువని ఒకరంటున్నారు. మారిపోమంటారా?

జవాబు: మారొద్దు. స్క్రిప్టు కూడా బాగానే ఉండి ఉంటుంది. డబుల్ క్లిక్ చేసినప్పుడు అది మీ విండోస్ అకౌంట్‌లో నడుస్తుంది. షెడ్యూలర్‌లో వేరే అకౌంట్ ఎంచుకుని ఉంటే చిక్కంతా అక్కడే. మీరు మొదటిసారి కనెక్ట్ అయినప్పుడు ‘ఈ సర్వర్‌ను నమ్మవచ్చా?’ అని విన్‌ఎస్‌సీపీ అడిగి ఉంటుంది, మీరు ఎస్ నొక్కి ఉంటారు. అప్పుడు ఆ సర్వర్ గుర్తింపు, అంటే హోస్ట్ కీ, మీ అకౌంట్ కింద మాత్రమే నిల్వ అవుతుంది. రెండో అకౌంట్‌కి ఆ సర్వర్ కొత్త. రాత్రిపూట ఎస్ నొక్కేవారు ఎవరూ ఉండరు కాబట్టి పని అక్కడితో ఆగిపోతుంది.

విన్‌ఎస్‌సీపీలో మామూలుగా లాగిన్ అయి, ‘జనరేట్ సెషన్ యూఆర్ఎల్/కోడ్’ అనే ఆప్షన్ తెరవండి. అందులో స్క్రిప్టు ట్యాబ్‌లో వచ్చే ఓపెన్ అని మొదలయ్యే లైన్‌లో హోస్ట్ కీ ఫింగర్‌ప్రింట్ (ఆ కీని గుర్తుపట్టే చిన్న కోడ్) ఉంటుంది. కంపెనీ సర్వర్ చూసేవారికి ఫోన్ చేసి అది వాళ్లదేనని సరిచూసుకున్నాకే ఆ లైన్‌ను మీ స్క్రిప్టులో పెట్టండి. హోస్ట్ కీ దగ్గర నక్షత్రం గుర్తు పెడితే ఏ సర్వర్‌కైనా కనెక్ట్ అవుతుందని కొందరు సలహా ఇస్తారు. దయచేసి ఆ పని చేయకండి. దారిలో ఎవరైనా మీ సర్వర్‌లా నటిస్తే, ఫైలు నేరుగా వాళ్ల చేతిలో పడుతుంది.

ఫైలు దారిని సీ డ్రైవ్ నుంచి పూర్తిగా రాయండి. మ్యాప్ చేసిన నెట్‌వర్క్ డ్రైవ్ (వేరే కంప్యూటర్‌లోని ఫోల్డర్‌ను డ్రైవ్‌లా చూపేది) మీరు లాగిన్ అయినప్పుడే కనబడుతుంది, షెడ్యూలర్ దాన్ని నమ్ముకోలేదు.

ఎఫ్‌టీపీ సంగతి: ఐఐటీ కాన్పూర్ మొదటి బ్యాచ్‌లో చదివిన అభయ్ భూషణ్ 1971లో దాన్ని రూపొందించారు. అప్పటి నెట్‌వర్క్‌లో ఉన్నవి కొన్ని పరిశోధన సంస్థలే. మామూలు ఎఫ్‌టీపీలో పాస్‌వర్డ్ ఏ తాళమూ లేకుండా వెళ్తుంది, మధ్యలో ఎవరైనా చదవొచ్చు. మీరు ఎస్‌ఎఫ్‌టీపీలోనే (ఇప్పుడు విన్‌ఎస్‌సీపీతో వాడుతున్న, అన్నీ తాళం వేసి పంపే పద్ధతి) ఉండండి. వీలైతే స్క్రిప్టులో పాస్‌వర్డ్ తీసేసి ఎస్‌ఎస్‌హెచ్ కీ (పాస్‌వర్డ్‌కు బదులు పనిచేసే కీ ఫైలు) వాడండి. ఆ కీతో ఒక్క ఫోల్డర్‌లోకే ప్రవేశం ఉండేలా చూడమని కంపెనీవాళ్లను అడగండి.

ఇంకొకటి, చాలామంది వదిలేసేది. ఫైలు వెళ్లిందో లేదో స్క్రిప్టుకే తెలియాలి. విన్‌ఎస్‌సీపీ పని పూర్తయితే 0, కాకపోతే 1 తిరిగి ఇస్తుంది. 0 వచ్చినప్పుడే ఫైలును ‘పంపినవి’ ఫోల్డర్‌లోకి జరిపేలా బ్యాచ్ ఫైలులో (స్క్రిప్టును నడిపే ఫైలు) రాయించండి. అప్పుడు వెళ్లని ఫైలు పొద్దున్నే పాత ఫోల్డర్‌లో కనబడుతుంది. లాగ్ (జరిగినదంతా రాసి ఉంచే) ఆప్షన్ కూడా ఆన్ చేస్తే కారణం అందులో దొరుకుతుంది. ఇదంతా అయ్యాక, మీరు లాగ్ ఆఫ్ అయి ఉండగా షెడ్యూలర్‌తో ఒకసారి నడిపించి చూడండి.