'ఆఫ్రికా స్త్రీ' అని రాయకు

తమ్ముడికి,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటి పేజీలోనే 'ఆఫ్రికా స్త్రీ' పదకొండు సార్లు వచ్చింది. ఆవిడది ఏ ఊరు? పొద్దున్నే లేచి ఏం చేస్తుంది? ఆ వివరాలు లేకే నీ వాక్యాలు గాల్లో వేలాడుతున్నాయి.

ఒక్క ఊరు పట్టుకో. నేనైతే ఆగ్నేయ నైజీరియాలోని ఒలోకో పట్టుకుంటాను. 1929 నవంబరు. న్వాన్యెరువా అనే ఇగ్బో జాతి ఆవిడ పామాయిల్ తీస్తోంది. వారెంట్ చీఫ్, అంటే బ్రిటిష్ వాళ్ళు నియమించిన ఊరి పెద్ద, తాలూకు మనిషి వచ్చి, ఇంట్లో మనుషులెందరు, మేకలెన్ని, గొర్రెలెన్ని చెప్పమన్నాడు. అంతకుముందు ఇలాగే లెక్కలు రాసుకెళ్ళి మగవాళ్ళ మీద పన్ను వేశారు, ఇక ఆడవాళ్ళ వంతు వచ్చిందని ఆవిడకి అనిపించి, "మీ అమ్మని లెక్కపెట్టావా?" అని ఎదురడిగింది. గొడవైంది. తర్వాత తాటాకులాంటి పామ్ ఆకులు కబురుగా ఊరూరూ తిరిగాయి, అవి అందుకున్న ఆడవాళ్ళు వేలల్లో కదిలారు.

అంత తొందరగా ఎలా కదిలారో ఆలోచించు, నీ వ్యాసానికి ప్రాణం అక్కడుంది. సంతలు నడిపింది వాళ్ళే, ఊరి ఆడవాళ్ళకి సొంత సభలున్నాయి. భార్యని కొట్టినవాడి ఇంటిముందు అందరూ చేరి, వాణ్ని తిడుతూ పాటలు పాడి, రోకళ్ళతో గోడలు బాది, ఒక్కోసారి పైకప్పు కూడా పీకేసేవాళ్ళు. దాన్ని 'మగాడి మీద కూర్చోవడం' అంటారు. 1929లో చీఫ్‌ల మీదా అలాగే కూర్చున్నారు. ఆ సభలేవీ బ్రిటిష్ వాళ్ళ కంటికి ఆనలేదు, చీఫ్‌లుగా దాదాపు అందర్నీ మగవాళ్ళనే వేశారు. చివరికి సైనికులు కాల్చారు, 50 మందికి పైగా ఆడవాళ్ళు చనిపోయారు. దొరల కాగితాల్లో అది 'అల్లర్లు', ఇగ్బోలో 'ఓగు ఉమున్వాన్యి', అంటే ఆడవాళ్ళ యుద్ధం. నువ్వు ఏ పేరు వాడతావో చూసుకుని వాడు, ఆ ఒక్క మాటలోనే నువ్వెవరి పక్కనున్నావో తెలిసిపోతుంది.

అలాగని వాళ్ళని దేవతల్ని చేసెయ్యకు. పరువు తెచ్చే పంట పెండలం, అది మగవాళ్ళది. కర్రపెండలం ఆడవాళ్ళది. పామ్ నూనె డబ్బు మొగుడికి పోయేది, గింజ పగలగొట్టి లోపలి పప్పు అమ్మితే వచ్చేది ఆవిడకి. ఇదంతా అలాగే రాయి, ఏదీ దాచకు.

ముందు ఆ నూనె తీసే చోటు నుంచి మొదటి పేజీ మళ్ళీ రాసి, ఆదివారం లోపు పంపు.

మీ అక్క