తొలి యూదుడు అబ్రాహామేనా?

సందేహం: యూదుల ఆచారాల పుట్టుక గురించిన ఒక వ్యాసంలో అబ్రాహామును ‘తొలి యూదుడు’ అన్నారు. హెబ్రీయులు, ఇశ్రాయేలీయులు, యూదులు అనే మాటలు పర్యాయపదాలేనా?

సమాధానం: కావు. బైబిలులోని ఆదికాండం 14వ అధ్యాయం అబ్రామును (అబ్రాహాము తొలి పేరు) ‘హెబ్రీయుడు’ అంటుంది. ఆయన మనుమడు యాకోబుకు ‘ఇశ్రాయేలు’ అనే పేరు వచ్చిన తరువాతనే అతని సంతతి ఇశ్రాయేలీయులయ్యారు. ‘యూదుడు’ అన్న మాటకు మూలం యాకోబు కొడుకుల్లో నాలుగవవాడైన యూదా పేరు. అది మొదట గోత్రానికి, ఆపైన, ఇశ్రాయేలీయుల రాజ్యం ఉత్తర, దక్షిణ రాజ్యాలుగా చీలాక, యెరూషలేము రాజధానిగా వెలసిన దక్షిణ రాజ్యానికి పేరయింది. హెబ్రూలో ‘యెహూదీ’ అంటే తొలుత ఆ రాజ్యపు మనిషి అనే అర్థం.

ఈ మాట అర్థం మారిన తీరు ప్రత్యేకంగా గమనించదగినది. క్రీ.పూ. 6వ శతాబ్దంలో బబులోనీయులు యెరూషలేము దేవాలయాన్ని కూల్చి ప్రజలను చెరపట్టుకుపోయాక, నేలా గుడీ లేని ఆ జనాన్ని కలిపి ఉంచడంలో సబ్బాతు (వారపు విశ్రాంతి దినం), సున్నతి, ఆహార నియమాలు మునుపటికంటే ఎక్కువ బరువును మోశాయి. దానితో ‘యూదుడు’ అన్నది ఊరిని కాక ఆచరణను చెప్పే మాట కాసాగింది. బైబిలులోని ఎస్తేరు గ్రంథం అందులోని మొర్దెకై అనే వ్యక్తిని ఒకే వాక్యంలో, యూదాది కాని బెన్యామీను గోత్రికుడనీ, యూదుడనీ చెప్పడం ఇందుకు చక్కని సాక్ష్యం. క్రీ.శ. 70లో రోమనులు రెండవ దేవాలయాన్ని కూడా నాశనం చేశాక బలులు ఆగిపోయి, ప్రార్థన, తోరా (యూదుల ధర్మశాస్త్రం) అధ్యయనం ప్రధానమై, రబ్బీల (యూదు మతగురువుల) సంప్రదాయం నిలదొక్కుకుంది.

అబ్రాహామును యూదులు ‘మన తండ్రి’ అనే పిలుచుకుంటారు. సున్నతి నిబంధనను ఆయన నుంచే లెక్కిస్తారు. ఆ విశ్వాసాన్ని గౌరవిస్తూనే, చరిత్ర రాసేటప్పుడు ఆయనను హెబ్రీయుడనడం, ఐగుప్తు నుంచి వెలువడినవారిని ఇశ్రాయేలీయులనడం, చెర తరువాతివారిని యూదులనడం ఉచితమని నా అభిప్రాయం. 1948లో ఏర్పడిన దేశపు పౌరులను మాత్రం ‘ఇజ్రాయెలీలు’ అనాలి. వారిలో ముస్లిములు, క్రైస్తవులు కూడా ఉన్నారు కనుక ‘యూదులు’ అంటే సరిపోదు.

గుంటూరు ప్రాంతంలో చేబ్రోలు దగ్గరి కొత్తరెడ్డిపాలెంలో ‘బెనె ఎఫ్రాయిము’ అనే చిన్న తెలుగు సమాజం ఉంది. తాము ఉత్తర రాజ్యానికి చెందిన ఎఫ్రాయిము గోత్రీకులమని చెప్పుకొనే వీరు యూదు ఆచారాలను పాటిస్తారు. యూదా గోత్రం కాకపోయినా వారు తమను యూదులమనుకోవడంలో, మొర్దెకై విషయంలో వలెనే, భాషాపరమైన దోషం లేదు.