పైనొక రౌటర్, కిందొక రౌటర్

ప్రశ్న: కింది హాల్లో ఫైబర్ కంపెనీ వాళ్లు పెట్టిన బాక్సు ఉంది. మేడ మీదికి సిగ్నల్ అందక ఇంకో వైఫై రౌటర్ కొన్నాం. కింది బాక్సు నుంచి కేబుల్ లాగి కొత్తదాని ల్యాన్ పోర్టులో (ఇంట్లోని పరికరాలకు కేబుల్ తగిలించే చోటు) పెట్టాం. పైన ఫోన్లు వైఫైకి కనెక్ట్ అవుతాయి గానీ నెట్ ఒకసారి వస్తుంది, ఒకసారి రాదు. కింద కేబుల్ మీద నడిచే డెస్క్‌టాప్ కూడా మధ్యమధ్యలో ఆగిపోతోంది. మేడ మీద కేబుల్ పీకేస్తే కింద అంతా బాగుంటుంది. కొత్త రౌటర్ పాడైందా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: పాడవలేదు. కేబుల్ పీకగానే కింద బాగవుతోందన్నారు చూశారా, కారణం అందులోనే ఉంది. ఫోనుకీ కంప్యూటర్‌కీ ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో ఒక్కో పరికరాన్ని గుర్తుపట్టే నంబరు) పంచే పనిని డీహెచ్‌సీపీ అంటారు. ఇంటికి ఒక్క పెట్టె ఆ పని చేస్తే చాలు, మీ ఇంట్లో రెండూ చేస్తున్నాయి. పైగా చాలా రౌటర్లు కొన్నప్పుడే 192.168.1.1 నంబరుతో వస్తాయి. మీ రెండిటికీ అదే ఉండి ఉంటుంది. ఒకే వీధిలో రెండిళ్లకు ఒకే డోర్ నంబరు ఉంటే ఉత్తరం ఏ ఇంటికి చేరుతుందో చెప్పలేం. మీ డెస్క్‌టాప్ పంపింది పై రౌటర్‌కి చేరితే అక్కడే ఆగిపోతుంది, బయటి నెట్ అందుకునే దాని వ్యాన్ పోర్టు ఖాళీగా ఉంది కనుక.

కింది నుంచి వచ్చే కేబుల్ తీసేసి, పై రౌటర్ ల్యాన్ పోర్టుకి ల్యాప్‌టాప్ ఒక్కటే తగిలించండి. ల్యాప్‌టాప్‌లో వైఫై ఆపేసి, బ్రౌజర్‌లో 192.168.1.1 తెరవండి. ముందు ల్యాన్ సెట్టింగ్స్‌లో అడ్రస్‌ని 192.168.1.2గా మార్చి సేవ్ చేయండి. రౌటర్ మళ్లీ లేచాక ఈ కొత్త నంబరుతో లోపలికి వెళ్లి, అప్పుడు డీహెచ్‌సీపీ ఆపండి. ఈ వరస తప్పొద్దు. డీహెచ్‌సీపీ ముందే ఆపేస్తే ల్యాప్‌టాప్‌కి అడ్రస్ ఇచ్చేవాళ్లుండరు. అప్పుడు ల్యాప్‌టాప్ నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో చేత్తో ఐపీ అడ్రస్ 192.168.1.50, సబ్‌నెట్ మాస్క్ అన్న గడిలో 255.255.255.0 ఇచ్చుకుని లోపలికి పోవాలి.

కింది బాక్సులో డీహెచ్‌సీపీ పంచే అడ్రస్‌లు 192.168.1.10 నుంచి మొదలయ్యేలా పెట్టండి, లేకపోతే ఆ 2వ నంబరు ఏదో ఒక ఫోనుకి వెళ్లిపోవచ్చు. ఇక కేబుల్ కింది ల్యాన్ నుంచి పై ల్యాన్‌కి. వ్యాన్ ఖాళీగానే ఉండాలి. ఫోన్లలో వైఫై ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చేస్తే కొత్త అడ్రస్ తీసుకుంటాయి. రౌటర్ మెనూలో యాక్సెస్ పాయింట్ మోడ్ (రౌటర్‌ని ఉత్త వైఫై పెట్టెగా మార్చే సెట్టింగ్) ఉంటే ఇంత శ్రమ అక్కర్లేదు, అదే ఇవన్నీ చేసుకుంటుంది.

వ్యాన్‌లో పెడితే సరిపోదా అని కొందరు అడుగుతారు. పై రౌటర్‌కి వేరే వరస, ఉదాహరణకు 192.168.5.1 ఇస్తే నెట్ వస్తుంది. కానీ కింద ఉన్న వైఫై ప్రింటర్ పై ఫోన్లకు కనిపించదు. ఇంట్లో ప్రింటర్, టీవీ అందరూ వాడుకోవాలంటే ల్యాన్ నుంచి ల్యాన్‌కే మేలు.

ఒక్క హెచ్చరిక. కింది ఫైబర్ బాక్సు వెనక రీసెట్ రంధ్రంలో పిన్ను పెట్టకండి. కంపెనీ వాళ్లు వేసిన యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ చెరిగిపోయి, వాళ్ల మనిషి వచ్చేదాకా ఇల్లంతా నెట్ ఉండకపోవచ్చు. పై రౌటర్‌ని రీసెట్ చేస్తే అది పాత నంబరుకి పోయి, డీహెచ్‌సీపీ మళ్లీ మొదలుపెడుతుంది. మీ తగవు మొదటికొస్తుంది.

ప్రశ్న: 200 ఎంబీపీఎస్ ప్లాన్. ఫోనులో 180 వస్తోంది, కేబుల్ పెట్టిన కంప్యూటర్‌లో 94 దాటదు. కేబుల్ అంటే ఎక్కువ రావాలి కదా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: 94 దగ్గర ఆగిందంటే లింకు 100కే కుదిరిందని అర్థం. విండోస్‌లో ఈథర్‌నెట్ స్టేటస్ తెరిస్తే స్పీడ్ 100 అనో 1000 అనో కనిపిస్తుంది. కేబుల్‌లో ఎనిమిది తీగలుంటాయి. 100కి 1, 2, 3, 6 చాలు, 1000కి ఎనిమిదీ పనిచేయాలి. మిగతా నాలుగిట్లో ఒక్కటి తెగినా, కనెక్టర్లో సరిగా దిగకపోయినా 100కి పడిపోతుంది. ముందు బజారులో దొరికే చిన్న రెడీమేడ్ క్యాట్ 6 కేబుల్‌తో చూడండి. 1000 చూపిస్తే తప్పు గోడలోని కేబుల్‌ది. రెండు చివర్లూ కోసి కొత్త కనెక్టర్లు బిగింపించండి (క్రింప్ చేయడం అంటారు), తీగల రంగుల వరస ఇది: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. తీగల జతలకున్న మెలికలు అరంగుళం మించి విప్పనివ్వకండి. చిన్న కేబుల్‌తోనూ 100 అంటే కంప్యూటర్‌దో బాక్సుదో పోర్టే అంత. బాక్సులో వేరే ల్యాన్ పోర్టు మార్చి చూడండి, కొన్నిట్లో ఒక్క పోర్టే 1000ది ఉంటుంది.

ప్రశ్న: పాత టీవీకి వైఫై లేదు, ల్యాన్ పోర్టుంది. ల్యాప్‌టాప్ వైఫైని దానికి ఇవ్వొచ్చా?
– ఒక పాఠకుడు, హోసూరు

జవాబు: ఇవ్వొచ్చు. రెండిటి మధ్య ల్యాన్ కేబుల్ వేయండి. విండోస్ నెట్‌వర్క్ కనెక్షన్లలో వైఫై ప్రాపర్టీస్, షేరింగ్ ట్యాబ్‌కి వెళ్లి, ఇతరులు వాడుకోవచ్చన్న గడిలో టిక్ పెట్టి, కింద ఈథర్‌నెట్ ఎంచుకోండి. ల్యాప్‌టాప్ ఈథర్‌నెట్‌కి 192.168.137.1 వస్తుంది, టీవీలో అడ్రస్ ఆటోమేటిక్ అని ఉంచితే చాలు. రీస్టార్ట్ చేశాక నెట్ రాకపోతే ఆ టిక్ తీసి మళ్లీ పెట్టండి.