కెగ్‌లో గ్యాస్ పట్టిన బీరును సీసాల్లోకి తీస్తుంటే నురగ పొంగిపోతోంది, ఏం చేయాలి?

ఇంట్లో కాచిన బీరుకు కెగ్‌లోనే (ఒత్తిడి తట్టుకునే బీరు పీపాలోనే) గ్యాస్ ఎక్కించాను, సీసాల్లోకి పడుతుంటే సగం నురగై పోతోంది, కౌంటర్ ప్రెషర్ ఫిల్లర్ (సీసాలో ముందే గ్యాస్ ఒత్తిడి పెట్టి, ఆ ఒత్తిడిలోనే బీరు నింపే పరికరం) కొనక తప్పదా అని అడిగారు. పదో పాతికో సీసాలకైతే అక్కర్లేదు. నేను ఇప్పటిదాకా కొనలేదు.

మొదటిసారి నేను చేసిన నిర్వాకం చెప్తాను. కెగ్ ఫ్రిజ్‌లోనే ఉంది, ఇంకేం కావాలి అనుకున్నాను. వేడినీళ్లతో కడిగి ఆరబెట్టిన సీసాలు తెచ్చి, గ్యాస్ ఒత్తిడిని సరిచేసే రెగ్యులేటర్‌ను 12 పీఎస్ఐ (ఒత్తిడి కొలత) మీదే ఉంచి ట్యాప్ నొక్కాను. అడుగున నాలుగు వేళ్ల బీరు, పైనంతా నురగ. అది దిగేదాకా ఆగడం, మళ్లీ పట్టడం, మళ్లీ పొంగడం. నేలంతా జిగురు. వారం తర్వాత ఒక సీసా తెరిస్తే చప్పగా ఉంది. ఉండదా మరి, నురగ రూపంలో పోయిందంతా అందులోని గ్యాసే కదా!

అసలు విషయం చలిదనంలో ఉంది. ద్రవం ఎంత చల్లగా ఉంటే కార్బన్ డయాక్సైడ్‌ను అంత బాగా పట్టి ఉంచుకుంటుంది. బీరు చల్లగా ఉన్నా, అది తగిలే గాజు వెచ్చగా ఉంటే అక్కడే గ్యాస్ విడిపోతుంది. పొడి గాజు మీద దుమ్ము, గీతలు ఉంటే బుడగలు పుట్టడానికి అవే చోటు. అందుకే ఇప్పుడు కెగ్‌ను ముందు రోజు నుంచే 1-2 డిగ్రీల సెల్సియస్‌లో ఉంచుతాను. సీసాలను కడిగే పనిలేని శానిటైజర్‌తో తడిపి, వంపేసి, ఫ్రీజర్‌లో పెడతాను. లోపల తడి ఉండాలి కానీ గడ్డకట్టకూడదు, మంచు పలుకులున్నా నురగ వస్తుంది.

తర్వాత ప్రెషర్. గ్యాస్ కట్టేసి, కెగ్ మూత మీది రిలీఫ్ వాల్వ్ లాగి లోపలి ఒత్తిడి వదిలేసి, మళ్లీ 3-4 పీఎస్ఐతో తెరుస్తాను. ఎలాగూ కాస్త గ్యాస్ పోతుంది కాబట్టి రెండు రోజుల ముందు నుంచి మామూలుకంటే 1-2 పీఎస్ఐ ఎక్కువ పెట్టి ఉంచుతాను. బీరు వచ్చే గొట్టం పొట్టిగా ఉన్నా నురగ తప్పదు. నాది 5 మిల్లీమీటర్ల లోపలి వ్యాసంతో 3 మీటర్ల పొడవుంటుంది.

ఇక ఫిల్లర్ బదులు వాడేది: చేత్తో నొక్కే ప్లాస్టిక్ ట్యాప్ మూతికి, సీసా అడుగుదాకా వెళ్లే గట్టి ప్లాస్టిక్ గొట్టం బిగించి, దానికి మధ్యలో చిల్లున్న రబ్బరు బిరడా తొడిగాను. బిరడా సీసా మూతిలో ఒత్తి ట్యాప్ తెరిస్తే బీరు కొంచెం వచ్చి ఆగిపోతుంది. సీసాలో ఒత్తిడి కెగ్‌తో సమానమైందన్నమాట. అప్పుడు బొటనవేలితో బిరడాను ఓ పక్కకు కొద్దిగా వంచితే సుయ్‌మని గాలి పోతుంది, బీరు అడుగు నుంచి నిదానంగా పైకి ఎక్కుతుంది, దాదాపు నురగ లేకుండా. సుయ్ శబ్దం పెద్దదైతే వేలు వదలండి. రెండు మూడు సీసాలు పాడయ్యాక చేయి కుదురుతుంది. మందపాటి బీరు సీసాలే వాడండి. పల్చటివి, అంచు విరిగినవి వద్దు.

మూతి దగ్గరికొచ్చాక మాత్రం కాస్త నురగ కావాలి. గొట్టం తీశాక నురగ రాకపోతే సీసాను గరిటెతో తట్టండి. తెల్లగా పైకి లేచి మూతిదాకా రాగానే దాని మీదే మూత బిగించేయాలి. నురగ మెడలోని గాలిని బయటికి నెట్టేస్తుంది. ఆ గాలిలోని ఆక్సిజన్ మిగిలితే కొన్నాళ్లకు బీరు తడిసిన అట్టపెట్టె వాసన వేస్తుంది. నేనైతే నింపే ముందు కూడా సీసాలోకి కొంచెం కార్బన్ డయాక్సైడ్ వదులుతాను.

ఈ సీసాల్లో చక్కెర వేయకండి, గ్యాస్ ముందే ఉంది కాబట్టి అది పులిసిందంటే సీసా పేలుతుంది. కెగ్‌లో పులవడం పూర్తికాని బీరుదీ అదే ప్రమాదం. నింపినవి ఫ్రిజ్‌లోనే పెట్టండి. బిరడా లేకుండా ట్యాప్ కింద పట్టిన జగ్గు బీరైతే రెండు మూడు రోజుల్లో తాగేయండి, ఆ తర్వాత తాగినా చప్పగానే ఉంటుంది.