ప్రశ్న ముందు, ఫీల్డ్ తర్వాత

చిరంజీవికి ఆశీస్సులు.

మనుషులకూ వాళ్ల చుట్టూ ఉన్న ప్రకృతికీ మధ్య సంబంధాన్ని చదివే పర్యావరణ మానవశాస్త్రంలో పీజీకి అప్లై చేస్తున్నావని తెలిసింది. ప్రపోజల్‌లో "పర్యావరణం, పేదలు, న్యాయం" అని రాసి పంపితే ఎవరూ రెండో పేజీ తిప్పరు. ఒక చోటు, ఒక వనరు, ఒక తగవు, మూడూ ఒక్క వాక్యంలో ఇమడాలి. "వాతావరణ మార్పు, మత్స్యకారుల జీవనం" అన్నది ప్రశ్న కాదు, జీవితకాలం పని. "రేవును పెంచాక చిన్న పడవలకు ఒడ్డున చోటు ఎవరు నిర్ణయిస్తున్నారు?" అంటే ఎవరిని అడగాలో, ఎక్కడ నిలబడి చూడాలో, ఏ ఫైలు తీయించాలో వెంటనే తెలుస్తుంది.

యూనివర్సిటీ పేరు కన్నా గైడ్ ముఖ్యం. వారు ఈమధ్య రాసినవి రెండైనా చదివాకే మెయిల్ పెట్టు. వారి దగ్గర చేసినవాళ్లకు డిగ్రీ ఎన్నాళ్లకు చేతికొచ్చిందో వాళ్లనే అడుగు.

చదవాల్సింది రెండు పాయలు. ఒకటి న్యూగినీలోని త్సెంబాగా ప్రజల మీద మానవశాస్త్రవేత్త రాపపోర్ట్ 1968లో ప్రచురించిన పని: పందుల పెంపకం, పూజలు, నేల సారం అన్నీ ఒకే లెక్కలో. ప్రభుత్వం, మార్కెట్ ఆ లెక్కలో ఎక్కడున్నాయని తర్వాతివాళ్లు నిలదీశారు. రెండోది పర్యావరణ న్యాయం, అంటే కాలుష్యం భారం ఎవరి మీద పడుతోందన్న ప్రశ్న: 1982లో అమెరికాలోని వారెన్ కౌంటీలో, నల్లజాతివారు ఎక్కువగా ఉన్నచోట, పీసీబీ అనే పారిశ్రామిక రసాయన విషం కలిసిన మట్టిని పూడ్చడంపై లేచిన ఉద్యమం.

తీరిగ్గా చదవాల్సింది మాత్రం పశ్చిమాఫ్రికాలోని గినీ దేశంలో కిస్సిదుగూ ప్రాంతపు ఉదంతం. అక్కడ గడ్డిమైదానాల మధ్య, ఊళ్ల చుట్టూ అడవి తునకలుంటాయి. ఒకప్పటి మహారణ్యాన్ని ఊరివాళ్లు తగలబెట్టగా మిగిలినవి ఇవేనని అధికారులు దశాబ్దాలపాటు నమ్మారు. ఫెయిర్‌హెడ్, లీచ్ అనే ఇద్దరు పరిశోధకులు పాత విమాన ఫొటోలను ఉపగ్రహ చిత్రాలతో పోల్చి, పెద్దవాళ్లను అడిగి చూస్తే కథ తిరగబడింది: చాలాచోట్ల ఆ అడవిని పెంచింది ఊరివాళ్లే. దృశ్యాన్ని తలకిందులుగా చదివింది అధికారులు, జరిమానాలు కట్టింది ఊరు. నీ పనిలోనూ "ఇక్కడ నాశనం చేసిందెవరు?" అన్నమాట రాగానే పాత ఫొటో ఉందేమో వెతుకు.

ఇక ఫీల్డ్‌వర్క్, అంటే ఊళ్లో ఉండి చూసి, అడిగి రాసుకునే పని. పీహెచ్‌డీకి పన్నెండు నెలలు ఆనవాయితీ, అన్ని రుతువులూ చూడాలి కాబట్టి. పీజీకి దొరికేది ఆరు, ఎనిమిది వారాలు. పరిశోధన వల్ల మనుషులకు హాని జరగకుండా చూసే ఎథిక్స్ కమిటీ అనుమతికి నెలో రెండు నెలలో పట్టొచ్చు. సెలవులు మొదలయ్యాక అప్లై చేసేవాళ్లు ఫీల్డ్‌ని పోగొట్టుకునేది ఇక్కడే. మొదటిరోజు అధికారి జీపులోంచి దిగకు. దిగావా, చివరిదాకా ఆయన మనిషివే. ఊరిపెద్ద చూపించిన నలుగురితోనే ఆగిపోకు. ఆ నలుగురిలో భూమిలేనివాళ్లు ఉండరు.

నోట్స్ ఏ రోజువి ఆ రోజే. "నీటి కొరత ఉంది" అన్నది నోటు కాదు. "ఉదయం 6:30, కుళాయి దగ్గర 11 డబ్బాలు, ముందున్న మూడూ ఒకే ఇంటివి, ఎవరూ అడగలేదు" అన్నది నోటు. ఆ "అడగలేదు"లోనే నీ అధ్యాయం ఉంది. గంట రికార్డింగ్‌ను కాగితం మీద పెట్టడానికి నాలుగు నుంచి ఆరు గంటలు. అంటే గంటేసి ఇరవై ఇంటర్వ్యూలకే రెండు మూడు వారాలు కరిగిపోతాయి, అరవై చేస్తానని ప్రపోజల్‌లో రాయకు.

సంతకం పెట్టించుకుంటే సమ్మతి అయిపోయినట్టు కాదు. కాగితమంటే భయపడేవాళ్ల దగ్గర నోటిమాట రికార్డు చేయడానికి కమిటీని ముందే అడిగి పెట్టుకో. పేర్లు మార్చి ఊరి జీపీఎస్ గుర్తులు అలాగే ఉంచేస్తే దాచింది ఏమీ లేదు. తగవు నడుస్తున్నచోట ఎవరు ఏ చెట్టు కొడుతున్నారో చూపే మ్యాప్ రేపు కేసుకు ఆధారమవుతుంది. అలాంటిది గీయకపోవడమే మేలు, గైడ్ అడిగినా సరే.

ప్రపోజల్ రెండు పేజీలు దాటకుండా రాసి పంపు, దిద్ది పంపుతాను.