కాన్పు ఆపరేషన్‌లోనే గడ్డ కూడా తీసేయొచ్చా?

ప్రశ్న: మా పెద్దపాపను తొలికాన్పుకి తెచ్చుకున్నాం. 26 ఏళ్లు, ఎనిమిదో నెల. బిడ్డ ఎదురుకాళ్లతో ఉంది, సిజేరియన్ తప్పదన్నారు. గర్భసంచి ముందువైపు కిందిభాగంలో 6 సెంటీమీటర్ల ఫైబ్రాయిడ్ గడ్డ ఉందని స్కానింగ్‌లో వచ్చింది. "ఎటూ కోస్తారు గదా, అదీ తీయించేస్తే ఒకేసారి అయిపోద్ది" అంటున్నారు మావాళ్లు. ఒక డాక్టరమ్మ తీయొచ్చన్నారు, ఇంకొకరు రక్తం ఆగదన్నారు. ఎవరి మాట వినాలి?
- ఓ తల్లి, ఉదయగిరి

జవాబు: ఇద్దరి మాటా నిజమేనమ్మా. నెలలు నిండిన గర్భసంచికి నిమిషానికి 500 నుంచి 700 మిల్లీలీటర్ల రక్తం పారుతుంది. అందుకే తొడిమతో వేలాడే గడ్డల్ని తప్ప మిగతావి ముట్టుకోవద్దనేవారు. ఇప్పుడు చేయి తిరిగిన సర్జన్లు ఎంచుకుని తీస్తున్నారు.

సైజు కన్నా చోటు ముఖ్యం. పైపొరలో ఉన్నవి, ముందు గోడలోవి తీయడం తేలిక. గోడ మధ్యలో లోతుగా పాతుకున్నవి, వెనకవైపువి, గర్భసంచికి ట్యూబులు కలిసే చోట ఉన్నవి వదిలేయడమే మంచిది. 'ఒకేసారి అయిపోద్ది' అన్నది మాత్రం గడ్డ తీయడానికి కారణం కాదు.

మీ పాపది వేరే చిక్కు. సిజేరియన్ కోత పడేదే ఆ కిందిభాగంలో. గడ్డ కోతకి అడ్డమొస్తే బిడ్డను తీయడానికి కోత పైకి జరపాలి, లేదా ముందు గడ్డ తీయాలి. అది కడుపు తెరిచాకే తేలుతుంది. అడ్డం లేకపోతే బిడ్డ, మాయ బయటికొచ్చి, కోత కుట్టాకే గడ్డ జోలికి వెళ్తారు. గర్భసంచిని ముడుచుకునేలా చేసే ఆక్సిటోసిన్ మందు డ్రిప్ నడుస్తుండగా, తెల్లగా మెరిసే గడ్డ కనబడేదాకా పైపొర కోసి, దాన్ని క్లాంపుతో పట్టి గుల్ల నుంచి గింజలా ఒలుస్తారు. మిగిలిన గుంటను అడుగు నుంచి పొరలు పొరలుగా కుట్టాలి. లోపల ఖాళీ మిగిలితే అక్కడ రక్తం చేరి చీము పడుతుంది, కుట్టిన చోటు బలహీనమవుతుంది. రక్తం అదుపు తప్పితే గర్భసంచే తీసేయాల్సి రావచ్చు. అరుదు, కానీ సంతకం పెట్టే కాగితంలో ఆ మాట ఉంటుంది, చదివి అడగండి.

ఇప్పుడే హిమోగ్లోబిన్ చూపించండి. 11 కన్నా తక్కువుంటే మాత్రలా, ఐరన్ ఇంజెక్షనా అని ఈ వారమే డాక్టరుని అడగండి, కాన్పు దాకా ఆగొద్దు. రెండు యూనిట్ల రక్తం సరిచూసి సిద్ధంగా ఉంచే ఆస్పత్రిలోనే కాన్పు పెట్టుకోండి. నొప్పులొచ్చాక ఉదయగిరి నుంచి నెల్లూరు బయల్దేరడం కాదు, నాలుగు రోజుల ముందే అక్కడికి చేరండి.

గడ్డ వదిలేస్తే కంగారు పడొద్దు. కాన్పయ్యాక చాలా గడ్డలు వాటంతటవే తగ్గుతాయి, ఆరు నెలలకి స్కాన్ చేయిస్తే చాలు. కాకపోతే గడ్డ ఉన్న గర్భసంచి సరిగా ముడుచుకోక రక్తస్రావం కావచ్చు, మొదటి 24 గంటలు ప్యాడ్లు ఎన్ని తడుస్తున్నాయో లెక్క పెట్టండి.

తీస్తే, ఎక్కడ, ఎంత లోతు తీశారో, గర్భసంచి లోపలి పొర తెరుచుకుందో లేదో డిశ్చార్జి కాగితంలో రాయించుకోండి. రెండో కాన్పుకి ఏ డాక్టరైనా ముందు అడిగేది అదే.