వెనక అట్ట ఎవరిది?

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన వ్యాసంలో మీ అమ్మగారి బిస్కట్ల డబ్బాను పదకొండో పేరాలో దాచిపెట్టినందుకు నాకు నీమీద కోపం వచ్చింది. ఈ జవాబు ఇంత త్వరగా రాయడానికి కారణం ఆ కోపమే. మామూలుగా నా ఉత్తరం చేరడానికి రెండు నెలలు పడుతుందని నన్నెరిగినవాళ్ళు నీకు చెప్పే ఉంటారు.

ఆస్ట్రేలియాలోని మీడియా గురించీ, మార్కెటింగ్ గురించీ నువ్వు పంపిన మూడు వ్యాసాల్లో సూపర్‌మార్కెట్ ప్రకటనల మీద రాసినదాన్నే ముందు తీసుకుంటాను. అందులో మొదటి పది పేరాలూ ఒక ప్రచారం ఎంత చక్కగా రూపుదిద్దుకుందో చెబుతాయి. "వినియోగదారుడి ప్రయాణం" అన్నావు, "విలువ ప్రతిపాదన" అన్నావు, ఎరుపు రంగు మనసు మీద ఎలా పనిచేస్తుందో ఒక పేరా నిండా రాశావు. ఆ తరువాత, మీ అమ్మగారు పదేళ్ళుగా సరుకుల బిల్లులను నెలవారీగా రబ్బరు బ్యాండ్లు వేసి పాత బిస్కట్ల డబ్బాలో దాస్తున్నారనీ, "ధర తగ్గింది" అన్న చీటీ చూసి కొన్న బట్టల సబ్బు పొడిని ఇంటికి తెచ్చాక పాత బిల్లు తీసి చూస్తే రెండు నెలల కిందట అదే పొడి అంతకన్నా తక్కువకే వచ్చినట్టు తేలిందనీ ఒక్క వాక్యంలో చెప్పి, మళ్ళీ చీటీ రంగు దగ్గరికి వెళ్ళిపోయావు. ఆ వాక్యం చదివాక మిగతా వ్యాసమంతా నా కళ్ళకు ఆనలేదు.

ఆమె వెళ్ళే దుకాణం ఏదో నేనడగను. కానీ 2024 సెప్టెంబరులో ఆస్ట్రేలియా పోటీ, వినియోగదారుల కమిషన్, అంటే ఇక్కడ అందరూ ఏ ట్రిపుల్ సీ అని పిలిచే సంస్థ, వూల్‌వర్త్స్, కోల్స్ అనే రెండు పెద్ద సూపర్‌మార్కెట్ సంస్థలమీదా ఫెడరల్ కోర్టులో వేసిన దావాను నువ్వు చదివావా? చాలాకాలం ఒకే ధరకు అమ్మిన సరుకుల ధరను కొద్దిరోజులపాటు కనీసం 15 శాతం పెంచి, ఆ తరువాత "ధరలు తగ్గాయి" అన్న ప్రచారంలోకి తెచ్చి, మునుపటి ధరకు సమానంగానో అంతకన్నా ఎక్కువకో అమ్మారన్నది కమిషన్ మోపిన ఆరోపణ. వూల్‌వర్త్స్‌లో 266 సరుకుల విషయంలో, కోల్స్‌లో 245 సరుకుల విషయంలో ఇలా జరిగిందని అది చెప్పింది. ఆరోపణ ఆరోపణే, దాన్ని తేల్చే పని కోర్టుది. అయినా ఈ దేశంలో జనం కొనే తిండి సరుకుల్లో దాదాపు మూడింట రెండు వంతులు ఈ రెండు సంస్థల దగ్గరే కొంటున్నప్పుడు, ఒక ప్రభుత్వ సంస్థ కోర్టుకు చూపించిన లెక్క, మీ అమ్మగారు వంటింట్లో కూర్చుని వేసిన లెక్క ఒకే తీరున ఉండటం చిన్న సంగతి కాదు. నీ వ్యాసం మొదలు కావలసిన చోటు ఆ డబ్బా మూత.

దాన్ని ఎందుకు దాచావో నాకు తెలుసు. నీ మొదటి పది పేరాలూ ప్రెస్ నోట్ పక్కన పెట్టుకుని రాసినవి. ముప్పై ఏళ్ళుగా ప్రెస్ నోట్లు చదువుతున్నవాణ్ణి కనుక, సంస్థ తన గురించి తాను చెప్పుకున్న మాట ఏదో, రచయిత కళ్ళతో చూసిన మాట ఏదో తెలుసుకోవడం నాకు కష్టం కాదు. ప్రెస్ నోట్‌లో అమ్మలుండరు, బిల్లులుండవు. అందుకే ఆమె నీకు మధ్యలో అడ్డొచ్చినట్టు అనిపించింది.

మీడియా మీద గానీ, మార్కెటింగ్ మీద గానీ రాసేవాళ్ళకు నేను ఎప్పుడూ చెప్పేది ఒక్కటే: డబ్బు ఎవరిదో మొదటి పేరాలోనే చెప్పాలి. దీన్ని నా చాదస్తం అంటారు. చాదస్తమే, కాదనను. అది నాకు ఎక్కడ పట్టుకుందో చెబుతాను.

నేను 1995 జూలైలో మెల్బోర్న్‌లో దిగాను. శనివారం వచ్చిందంటే "ది ఏజ్" పత్రిక కొనేవాణ్ణి. దాని బరువు తగ్గించుకోవడానికి వార్తల పేజీలు రైలు సీటు మీదే వదిలేసి, ఉద్యోగాల ప్రకటనల కట్ట మాత్రం చంకలో పెట్టుకుని ఇంటికి వెళ్ళేవాణ్ణి. నాకు అప్పుడు తెలియని సంగతి ఏమిటంటే, నేను దాచుకున్న ఆ కట్టే నేను పారేసిన పేజీలను పోషిస్తోంది. ఉద్యోగాలు, ఇళ్ళు, కార్లు, ఈ మూడింటి చిన్న ప్రకటనల మీద వచ్చే రాబడిని, ఆ పత్రికను నడిపిన ఫెయిర్‌ఫాక్స్ సంస్థలో "బంగారు నదులు" అనేవారట. ఆ నదుల నీళ్ళతోనే విలేఖరులు నెలల తరబడి ఒకే కుంభకోణం వెంట తిరగగలిగారు. 1997లో ఇదే మెల్బోర్న్‌లో సీక్ అనే ఉద్యోగాల ప్రకటనల వెబ్‌సైట్ సంస్థ మొదలైంది. ఇళ్ళ ప్రకటనలూ, కార్ల ప్రకటనలూ కూడా ఒకదాని వెంట ఒకటి ఇంటర్నెట్‌కు తరలిపోయాయి. 2017లో పార్లమెంటు మీడియా యాజమాన్య నిబంధనలు సడలించింది. దాంతో 2018లో నైన్ టెలివిజన్ సంస్థ ఫెయిర్‌ఫాక్స్‌ను కలుపుకుంది. 1831లో పుట్టిన, ఫెయిర్‌ఫాక్స్ వారి "సిడ్నీ మార్నింగ్ హెరాల్డ్" పత్రిక ఒక టీవీ ఛానెల్ పక్కకు చేరింది. నీ రెండో వ్యాసం ఈ పతనాన్నంతా పాఠకుల అభిరుచి మారడానికి అంటగట్టింది. పాఠకులు ఎక్కడికీ పోలేదమ్మా. నాలాంటి నిరుద్యోగి కోసం శనివారం ప్రకటనలు వేయించేవాళ్ళు ఇచ్చే డబ్బు పోయింది.

అదే వ్యాసంలో పత్రికల అధిపతి రూపర్ట్ మర్డోక్‌ను తిట్టడానికి నాలుగు పేరాలు ఖర్చుపెట్టావు. ఇక్కడ మర్డోక్‌ను తిట్టడం మెల్బోర్న్ వానను తిట్టడం లాంటిది; అందరూ చేస్తారు, ఎవరూ తడవకుండా ఉండరు. 1952లో తండ్రి పోయాక అడిలైడ్‌లో ఒక సాయంకాల పత్రిక చేతికొచ్చిన కుర్రవాడు 1964 నాటికి దేశమంతటికీ "ది ఆస్ట్రేలియన్" అనే పత్రికను ఎలా పెట్టగలిగాడో ఆ డబ్బు దారి వెంట వెళ్ళి రాస్తే చదువుతాను.

ఇక గొర్రెమాంసం ప్రకటన. 2017 సెప్టెంబరులో వచ్చిన ఆ ప్రకటనలో పలు మతాల దేవుళ్ళూ ఒకే బల్ల చుట్టూ విందుకు కూర్చుంటారు, వాళ్ళ మధ్య మన వినాయకుడూ ఉంటాడు. నీకు బాధ కలిగింది, నాకూ కలిగింది. భారత హైకమిషన్ నిరసన తెలిపింది. ప్రకటనల ప్రమాణాలు చూసే మండలి మొదట ఫిర్యాదులను తోసిపుచ్చి, స్వతంత్ర సమీక్ష తరువాత తన నిర్ణయాన్ని మార్చుకుంది. ఇదంతా నువ్వు సరిగ్గానే రాశావు. రాయనిది ఒకటే, దానికి డబ్బిచ్చింది ఎవరన్నది. "ఒక మాంసం కంపెనీ" అన్నావు. అది మీట్ అండ్ లైవ్‌స్టాక్ ఆస్ట్రేలియా. ఫలానా పొట్లం కొనమని చెప్పే దుకాణం కాదది. రైతు ఒక గొర్రెపిల్లను అమ్మినప్పుడల్లా కట్టే సుంకంతో, మొత్తం పరిశ్రమ తరఫున నడిచే సంస్థ. సొంత బ్రాండు లేనివాడికి పోటీ బ్రాండు మీద పైచేయి సాధించే పని ఉండదు. వాడు దేశమంతా గొర్రెమాంసం గురించి మాట్లాడుకునేట్టు చేస్తే చాలు. అందుకే ఆ సంస్థ ఏళ్ళ తరబడి ఈ దేశపు జాతీయ దినమైన ఆస్ట్రేలియా డేకి ముందు ఏదో ఒక కవ్వింపు ప్రకటన వదులుతూ వచ్చింది. ఇది తెలిసి ఉంటే, ఆ ప్రకటనలోని ప్రతి దృశ్యాన్నీ, ప్రతి చతురోక్తినీ నాలుగు పేరాలు వర్ణించి, పైసా తీసుకోకుండా నువ్వు కూడా వాళ్ళకు పనిచేసి పెట్టి ఉండేదానివి కాదు.

డబ్బు ఎవరిదో తెలియకపోతే మాట అర్థం కూడా తప్పిపోతుంది. 1984లో ఇక్కడి నటుడు పాల్ హోగన్ నటించిన పర్యాటక ప్రకటన పుణ్యమా అని ఆస్ట్రేలియా వాళ్ళంతా నిప్పుల మీద "ష్రింప్" కాల్చుకుంటారని ప్రపంచం నమ్ముతోంది. నువ్వూ అదే రాశావు. ఇక్కడ చేపల మార్కెట్‌కు వెళ్ళి ఆ మాట అని చూడు. ఇక్కడ రొయ్యను "ప్రాన్" అంటారు. ఆ ప్రకటనకు డబ్బు ఆస్ట్రేలియా ప్రభుత్వ పర్యాటక సంస్థది, చెవులు అమెరికా వాళ్ళవి. అందుకే అమెరికా మాట పడింది.

1999లో బయటపడిన సిడ్నీ రేడియో వ్యవహారాన్ని మాత్రం నువ్వు తప్పకుండా చదవాలి. జాన్ లాస్ అనే ప్రముఖ వ్యాఖ్యాత బ్యాంకులను గాలిలో చీల్చి చెండాడుతూ ఉండేవాడు. ఉన్నట్టుండి ఆ గొంతు మెత్తబడింది. బ్యాంకుల సంఘంతో ఆయనకు కుదిరిన డబ్బు ఒప్పందాన్ని ప్రభుత్వ ప్రసార సంస్థ ఏబీసీలో వచ్చే "మీడియా వాచ్" కార్యక్రమం బయటపెట్టింది, ప్రసారాల నియంత్రణ సంస్థ విచారణ జరిపింది. తాను పాత్రికేయుణ్ణి కాదు, వినోదం పంచేవాణ్ణి మాత్రమే అన్నది ఆయన వాదన. ఆ వ్యవహారంలో నన్ను ఎక్కువగా కలవరపెట్టింది ఆయన పొగడ్త కాదు, తిట్టు ఆగిపోవడం. వినేవాడికి పొగడ్త అయినా అనుమానం పుట్టిస్తుంది, రాని విమర్శ ఏ అనుమానమూ పుట్టించదు.

ఆ సంగతి పేపర్లో చదివి నవ్వుకున్న నేను, కొన్నేళ్ళకు అదే ఊబిలో నిలబడ్డాను. అప్పట్లో నేను రాత్రిపూట దుకాణాల క్యాటలాగులు ఇంటింటి పోస్టుబాక్సుల్లో వేసే పని నుంచి బయటపడి, ఇక్కడి మనవాళ్ళ పత్రిక ఒకదానికి ఉచితంగా కాలమ్ రాస్తున్నాను. వెయ్యి కాగితాలకు ఇంత అని లెక్క కట్టే ఆ క్యాటలాగుల పని నాకు మార్కెటింగ్ నేర్పిన బడి అని ఇప్పటికీ అంటాను. మొదటి పేజీలో సగం ధరకు ఇచ్చే వస్తువు ఏదో చూస్తే, లోపలి పేజీల్లో ఏది పెరిగి ఉంటుందో మడతపెడుతూనే చెప్పగలిగేవాణ్ణి. ఆ అలవాటుతో, పశ్చిమ శివార్లలో ఇల్లూ స్థలమూ కలిపి అమ్మే ప్రకటనల మీద ఒక కాలమ్ రాశాను. తూర్పు ముఖం, వాకిట్లో ముగ్గు, గుమ్మానికి మామిడి తోరణం అన్నీ బొమ్మలో ఉంటాయి. చూపిన ధరలో చేరని ఖర్చులు మాత్రం అడుగున చీమతలకాయంత అక్షరాల్లో ఉంటాయి. ఆ అక్షరాలను పెద్దవి చేసి రాయడమే నేను చేసిన నేరం. కాలమ్ అచ్చు కాలేదు. ఫోన్ చేస్తే సంపాదకుడు ఎంతో మర్యాదగా, "వెనక అట్ట ఎవరిదో ఒకసారి చూసుకోండి గురువుగారూ" అన్నాడు. చూసుకున్నాను. రంగుల్లో, నిండు పేజీలో, మామిడి తోరణం కట్టుకుని ఉంది. ఆ పత్రిక ఇప్పుడు లేదు, ఆ సంపాదకుడికి మాత్రం సన్మానాలు జరుగుతున్నాయి. ఆ కాలమ్ నా దగ్గర ఇంకా భద్రంగా ఉంది, అందులో ఒక్క అక్షరం తప్పు కాదు.

తెలుగులో రాయాలా, ఇంగ్లీషులో రాయాలా అని అడిగావు. 2021 జనాభా లెక్కల ప్రకారం ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళు ఈ దేశంలో దాదాపు 59 వేల మంది. ఇళ్ళు కట్టేవాళ్ళు, అప్పులిచ్చేవాళ్ళు, వీసా సలహాదారులు, ఎన్నికలొస్తే పార్టీలవాళ్ళు కూడా ఈ అంకెను మనకన్నా ముందే చదివారు. మనకోసం తెలుగులో ప్రకటనలు తయారవుతున్నాయి. ఇంగ్లీషు ప్రకటనలను తూర్పారబట్టేవాళ్ళు ఇక్కడ వందలమంది ఉన్నారు. మన భాషలో మనకే ఎక్కుపెట్టిన ప్రకటనను పట్టుకుని, దీని వెనక డబ్బు ఎవరిదని అడిగేవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. జవాబు నువ్వే తేల్చుకో.

"కంటెంట్" అన్న మాటను నీ రాతల్లో ఇరవై రెండుసార్లు లెక్కపెట్టాను. సీసాలో పోసేదాన్ని అలా పిలవవచ్చు గానీ, రాసినదాన్ని అలా పిలవకు. "సంస్థ తన కథ చెప్పుకుంది" అని కూడా ఇకమీద రాయవద్దు. మా అమ్మమ్మ చెప్పినవి కథలు, సంస్థ చెప్పేది బేరం. "విజయానికి అయిదు సూత్రాలు" అన్న తరహా వ్యాసాలనే సంపాదకులు అడుగుతున్నారని నువ్వు రాశావు. అడుగుతారు. అలాంటివాటికి ఎవరి ప్రకటన పక్కన వేసినా అతుకుతుంది.

సూపర్‌మార్కెట్ ప్రకటనల మీద రాసిన ఆ వ్యాసాన్ని తిరగరాసి పంపు. మీ అమ్మగారిని పక్కన కూర్చోబెట్టుకుని రాయి. ఆ సబ్బు పొడి ఒక్కటే కాదు, బియ్యం, పాలు, నూనె, ఏడాది పొడుగునా ఏ నెలలో ఎంత ఉన్నాయో, "తగ్గింది" అన్న చీటీ ఎన్నిసార్లు పడిందో తేదీలతో సహా చెప్పమను. చీటీ ఫోటో లేని చోట లేదనే రాయి, ఊహించి నింపకు. దుకాణం వాళ్ళను వివరణ అడిగి, వాళ్ళు ఏమన్నారో, ఏమీ అనకపోతే ఆ సంగతీ చేర్చు. ముందుగా ఒక పని చెయ్యి: ఆ బిల్లుల కాగితం వేడికి నల్లబడుతుంది, వట్టిగా ఉన్నా రెండు మూడేళ్ళకు అక్షరాలు వెలిసిపోతాయి. పదేళ్ళనాటివి ఇప్పటికే సగం పోయి ఉంటాయి. ఈ ఆదివారమే కూర్చుని మిగిలినవాటికి ఫోటోలు తియ్యి, డబ్బాను పొయ్యి పక్కనుంచి తీయించు.

ఆశీస్సులతో,
నీ శ్రేయోభిలాషి